తవ్వడం సరే, పూడిక ఎవరు తీస్తారు?
ఒడిశాలోని చిలిక సరస్సుకు 2000లో తవ్విన కొత్త మొగ (సముద్రంలో కలిసే నీటి దారి) లాంటిదే శ్రీకాకుళం తీరంలోనూ తవ్వితే మత్స్యకారుల వలస ఆగుతుందని ఒక వ్యాసంలో చదివాను. చిలిక సంగతి నిజమే. సిపకుడ దగ్గర ఇసుక తిన్నెను కోసి సముద్రానికి దారి ఇచ్చాక నీటికి ఉప్పదనం తిరిగొచ్చింది, ఏడాదికి 2,000 టన్నులైనా లేని చేపల దిగుబడి రెండేళ్లలోనే 10,000 టన్నులు దాటింది. కానీ అక్కడ వెనుక అంత పెద్ద సరస్సు ఉంది. ఆటుపోట్లకు లోపలికీ బయటికీ పరుగెత్తే ఆ నీరే మొగలోని ఇసుకను ఊడ్చేస్తుంది. అయినా ఆ మొగ స్థిరంగా లేదు, తర్వాత మరొకటి దానంతట అదే తెగింది. మన తీరం వెంట ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం ఉత్తరానికే నడుస్తూ దారిలోని మొగలను పూడుస్తుంది. విశాఖ ఓడరేవు దగ్గర ఏటా దాన్ని తోడి ఆర్కే బీచ్ వైపు పోయాల్సి వస్తోంది. వెనుక సరస్సు లేని చోట కోసిన గండి ఎన్నాళ్లు నిలుస్తుంది? ఏటా వేటకు గుజరాత్‌లోని వెరావల్ పోయే మా బంధువులు అడిగేది జెట్టీ, ఐసు, వేలానికి ఒక షెడ్డు. గండి మాట వాళ్ల నోట నేనెప్పుడూ వినలేదు.