చస్తానన్నవాడు చావడట!

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, పిల్లల ఆత్మహత్యల మీద మా గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ లేస్తుంది. "మా రోజుల్లో డిప్రెషన్లు లేవు, పిల్లల్ని సుకుమారంగా పెంచి పాడుచేశాం" అని మొదలై ఐదు సూత్రాలు, చివర్లో దండాల బొమ్మలు. చదువుకున్నవాళ్లే పంపుతున్నారు, అదీ నా బాధ.

మైదా మానేస్తే మనసు కుదుటపడుతుందట. సరే, మానేయండి. దెబ్బలు తిని పెరిగినవాళ్లు గట్టిగా ఉంటారట. అలా పెరిగినవాళ్లే దీన్ని చదవకుండా ఫార్వర్డ్ చేస్తున్నారు, అంతకన్నా ఏం చెప్పను?

మూడోది, మార్కులు తగ్గితే తట్టుకోలేని పిరికితనమట. 2019 తెలంగాణ ఇంటర్ ఫలితాలు మర్చిపోయారా? తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి సున్నా వేశారు. ఆ ఫలితాల తర్వాత కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. పెద్దవాళ్లు మార్కులు సరిగ్గా ఎక్కించలేకపోతే పిరికితనం పిల్లలదన్నమాట!

నాలుగోది చదివితే మాత్రం ఒళ్లు మండింది. "చస్తానని చెప్పేవాడు చావడు, అది బెదిరింపు. పట్టించుకుంటే అలుసవుతాం. ఆ మాట అడగనూ వద్దు, లేని ఆలోచన పుడుతుంది." ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. ప్రాణం తీసుకున్నవాళ్లలో చాలామంది అంతకుముందు ఎవరితోనో, ఏదో రూపంలో ఆ మాట అనే ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండింటినీ అపోహలనే చెబుతోంది. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని నేరుగా అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదు. లోపల కుమిలేవాడికి నోరు విప్పే వీలు దొరుకుతుంది.

హాస్టల్లో పిల్లాడు ఇంటికి మాట్లాడేదే వార్డెన్ ఫోన్‌లో. వెనక క్యూ, పక్కనే వార్డెన్. "తిన్నావా?" "ఆ." "వీకెండ్ టెస్ట్‌లో ఎంతొచ్చింది?" అక్కడ కాసేపు మాట రాదు. తర్వాత గొంతు తగ్గించి "ఇక్కడ ఉండలేను నాన్నా" అంటాడు. ఈ మెసేజ్ చదివిన నాన్న ఏమంటాడు? "నాటకాలు ఆపు, ఫీజంతా కట్టేశాం."

ఐదోది, అంతా ఫోన్ వల్లేనట. ఇది మాత్రం కొంతవరకు ఒప్పుకుంటాను. అర్ధరాత్రి దాటేదాకా రీల్స్ చూస్తే నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మనసూ చెడుతుంది. మరి ఫోన్ ముట్టుకోనివ్వని రెసిడెన్షియల్ కాలేజీల్లో కూడా పిల్లలు పోతున్నారే, దానికేమంటారు? అక్కడ ర్యాంకును బట్టి సెక్షన్ మారుస్తారు, ఎవడు ఏ సెక్షన్‌కి దిగాడో క్యాంపస్ అంతటికీ తెలుస్తుంది. విశాఖలో నీట్‌కి చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఇదే పట్టుకుంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దంది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతిచోటా శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలంది. ఆ తీర్పును ఫార్వర్డ్ చేసిన మహానుభావుడు మా గ్రూపుల్లో ఒక్కడూ లేడు.

చెయ్యి ఊరుకోక ఏదో ఒకటి పంపాలనిపిస్తే 14416 అని పంపండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ అది. పగలైనా రాత్రయినా తెలుగులోనే మాట్లాడతారు, పైసా తీసుకోరు. పిల్లలే చేయాలని లేదు, కొడుకు మాట విని ఏం చేయాలో తోచని నాన్న కూడా చేయొచ్చు.