ఫైవ్ మినిట్స్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఫైవ్ మినిట్స్ గారి సముఖమునకు,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, తమరి కోసమే ఎదురుచూస్తున్నాం. తమరు ఎప్పటికి అవుతారో తెలియదు కనక ఈలోగా నాలుగు ముక్కలు రాసే తీరిక దొరికింది.

మీది పెద్ద కుటుంబం. వన్ సెకండ్, జస్ట్ ఎ మినిట్, టూ మినిట్స్ మీ తమ్ముళ్లు. ఆన్ ది వే గారు బావమరిది. తెలుగు వైపు ‘బయల్దేరిపోయా’, ‘ఇదిగో వచ్చేస్తున్నా’, ‘సందు మలుపులో ఉన్నా’ అని వియ్యాలవారున్నారు. పైకి అందరూ ఒక్కలాగే కనిపిస్తారు గానీ ఎవరి లెక్క వాళ్లదే. బయల్దేరిపోయా అంటే స్నానానికి వెళ్తున్నాడు. ఆన్ ది వే అంటే బండి తాళం వెతుక్కుంటున్నాడు. సందు మలుపులో ఉన్నా అంటే మొత్తానికి ఊళ్లోనే ఉన్నాడు, అదే పదివేలు. ఇక వన్ సెకండ్! సీజియం పరమాణువు నుంచి వెలువడే ఒక తరంగం 9,192,631,770 సార్లు కంపించడానికి పట్టే కాలం ఒక సెకను అని శాస్త్రజ్ఞులు 1967లో తేల్చారు. మా మరిది ఫోన్లో ‘వన్ సెకండ్ వదినా’ అనడం వాళ్లలో ఎవరూ విని ఉండరు.

మీరు రాకముందు మాకూ కొలతలుండేవి. గడియ అంటే 24 నిమిషాలు. రెండు గడియలు ఒక ముహూర్తం, అంటే 48 నిమిషాలు. ‘ఒక్క గడియ ఆగు తల్లీ’ అని వెళ్లినవాడు ఇరవై మూడు నిమిషాలకి వస్తే మాట మీద నిలబడ్డట్టే. ఇప్పుడూ అంతకే వస్తున్నాడు, కానీ మీ పేరు చెప్పి వెళ్లాడు కాబట్టి అబద్ధాలకోరు అనిపించుకుంటున్నాడు. 1906లో మొదలైన భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడ దగ్గర్నుంచే పోతుంది. దేశానికి టైము చెప్పే గీత పెరట్లో పెట్టుకుని కూడా మేము మిమ్మల్నే నమ్ముకున్నాం.

మొన్న వంటింట్లో సింకు కింద పైపు జాయింటు ఊడింది. వాల్వు కట్టేద్దామని తిప్పితే పిడి చేతిలోకొచ్చింది. బకెట్ పెట్టాను, నిండింది. టబ్బు పెట్టి ప్లంబర్‌కి ఫోన్ చేశాను. ‘ఫైవ్ మినిట్స్ అక్కా, మీ సందులోకే తిరుగుతున్నా’ అన్నాడు. మాది దిల్‌సుఖ్‌నగర్. అతని వెనకాల మెట్రో రైల్లో ఆడగొంతు, తర్వాత వచ్చేది కూకట్‌పల్లి అని స్పష్టంగా చెబుతోంది. నేను విన్నాను. నేను విన్నానని అతనికీ అర్థమైంది. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. ‘సరే అన్నా, కొంచెం తొందరగా రా’ అన్నాను.

అదీ మీ మహిమ. అబద్ధమని ఇద్దరికీ తెలుసు, ఇద్దరి పరువూ దక్కింది. గంట పడుతుందని చెబితే నేను ఇంకో ప్లంబర్‌ని చూసుకునేదాన్ని. రాలేనని చెబుదామంటే, మొహం మీద అలా అనడం మనవాళ్లకి చేతకాదు, ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అని. ఆ రెంటికీ మధ్య దూరడానికి మీరున్నారు. ఎట్టకేలకు వచ్చాడు, సింకు కిందికి తొంగి చూశాడు. ఎంతసేపు పడుతుంది అన్నాను. ‘ఎంత అక్కా, ఫైవ్ మినిట్స్ పని.’ మజూరీ మాత్రం పూట లెక్కన తీసుకున్నాడు.

పెళ్లిళ్లలో అయితే గ్రహాలు కూడా మీ మాట వినాల్సిందే. శుభలేఖలో ముహూర్తం రాత్రి 2 గంటల 14 నిమిషాలకి అని అచ్చు వేయిస్తారు. ఆ పద్నాలుగు ఊరికే రాలేదు. వర్జ్యం, దుర్ముహూర్తం తప్పించి, ఇద్దరికీ తారాబలం చూసి పంతులు గారు పెట్టింది. అడ్డుతెర పట్టుకున్నారు. తమలపాకులో జీలకర్ర బెల్లం సిద్ధం. మేళం వాళ్లు పంతులు గారి చెయ్యి వైపే చూస్తున్నారు. అప్పుడు వీడియో కుర్రాడు ముందుకొచ్చి ‘పంతులు గారూ, ఒక్క ఫైవ్ మినిట్స్, లైటు సరిచేసుకుంటాం’ అంటాడు. ఆయన వినకుండా కానిచ్చేశారే అనుకోండి, ‘షాట్ సరిగ్గా రాలేదు, మళ్లీ పెట్టండి’ అని ఆ కుర్రాడే ఇంకోసారి పెట్టిస్తాడు. ఆల్బమ్‌లో అందరూ మురిసిపోయి చూసేది ఆ రెండో జీలకర్ర బెల్లాన్నే.

ఇంతవరకూ సరదా. మీతో నా పేచీ వేరే ఉంది. మీరు మనిషిని చూసి కొలత మారుస్తారు. మంత్రిగారు మరో ఐదు నిమిషాల్లో మన మధ్యకు విచ్చేస్తున్నారని మైకులో మధ్యాహ్నం నుంచీ చెబుతూనే ఉంటారు. స్కూలు పిల్లలు వాడిపోయిన పూలు పట్టుకుని ఎండలో నిలబడే ఉంటారు. క్లినిక్‌లో ‘డాక్టర్ గారు ఫైవ్ మినిట్స్’ అని కౌంటర్లో అమ్మాయి చెబితే మోకాళ్ల నొప్పుల పెద్దావిడ రెండు గంటలు బెంచీ మీదే కూర్చుంటుంది. ఆవిడే ఒకసారి లేచి బాత్రూముకి వెళ్లొచ్చేసరికి ‘మీ టోకెన్ దాటిపోయింది మామ్మగారూ’ అంటారు. ఆవిడ దగ్గర మీరు నిజంగానే ఐదు నిమిషాలు.

ఇంటర్ పరీక్షల దగ్గరైతే ఆ ఐదు కూడా లేకుండా ఏళ్లు గడిచాయి. నిమిషం ఆలస్యమైనా అనుమతించేవారు కాదు, అంతే. హాల్‌టికెట్ చేత్తో గేటు ఊచలు పట్టుకుని ఏడ్చే పిల్లల ఫొటోలు పరీక్షల రోజుల్లో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. 2024 మార్చిలో తెలంగాణ ఇంటర్ బోర్డు ఆ నిబంధన సడలించి ఐదు నిమిషాల వెసులుబాటు ఇచ్చింది. సర్కారు కాగితం మీద మీరు మాట ప్రకారం కొలిచినట్టు నిలబడ్డ చోటు నాకు తెలిసి అదొక్కటే. తొమ్మిదింటి పరీక్షకి తొమ్మిదీ ఐదు. తొమ్మిదీ ఆరుకి గేటు గేటే.

కాబట్టి చిన్న విన్నపం. మంత్రిగారి మైకు దగ్గర, క్లినిక్ కౌంటర్ దగ్గర సెలవు పెట్టి, పరీక్షల రోజుల్లో ఆ గేట్ల దగ్గరికి బదిలీ చేయించుకోండి. ఆగకుండా వెళ్లిపోయిన బస్సు వెనక పరిగెత్తి పరిగెత్తి వచ్చే పిల్లలుంటారు. అక్కడ తమరు పాత అలవాటు కొద్దీ ఇరవై నిమిషాలు సాగినా నేను ఒక్క మాట అనను.

ఇట్లు,
తమరి రాక కోసం చూస్తూ,
ఒక అపార్ట్‌మెంట్ ఇల్లాలు