సవరణ: ప్రతి కండెన్సర్ మైక్‌కీ 48 వోల్ట్లు అక్కర్లేదు

హోమ్ స్టూడియో మైకుల మీద ఇంతకుముందు రాసిన పోస్టులో "కండెన్సర్ మైక్ ఏదైనా సరే, 48 వోల్ట్ల ఫాంటమ్ పవర్ ఉండాల్సిందే" అని ఉంది. (కండెన్సర్ అంటే పనిచేయడానికి కరెంటు కావాల్సిన సున్నితమైన మైక్; ఫాంటమ్ పవర్ అంటే మైక్ కేబుల్ గుండానే దానికి అందే కరెంటు.) ఆ మాట ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మూడు పిన్నుల కేబుల్‌తో ఇంటర్‌ఫేస్‌కి (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టెకి) తగిలించే మామూలు కండెన్సర్లకే వర్తిస్తుంది. యూఎస్‌బీ కండెన్సర్లకు కంప్యూటర్ నుంచి వచ్చే కరెంటే చాలు. నాయ్‌మన్ యూ 67 లాంటి ట్యూబ్ మైకులకు (లోపల వాక్యూమ్ ట్యూబ్ ఉండే కండెన్సర్లకు) పవర్ సప్లై విడిగా ఉంటుంది.

సెల్ఫ్ నాయిస్, అంటే మైక్ తనంతట తానే చేసే సన్నని రొద, గురించి కూడా కొందరు అడిగారు. ఆ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. రోడ్ ఎన్‌టీ1-ఏకి అది 5 డెసిబెల్స్, ఆడియో-టెక్నికా ఏటీ2020కి 20. మెల్లగా పాడే గొంతు, వీణ రికార్డు చేసేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. నెత్తిమీద ఫ్యాన్ తిరుగుతున్న గదిలో మాత్రం రెండూ ఒకటే. ముందు ఫ్యాన్ ఆపి వినండి, తక్కువ నాయిస్ మైక్‌కి డబ్బు పెట్టే సంగతి తర్వాత.

ఇంకొకటి: పాత రిబ్బన్ మైక్ (పల్చటి లోహపు రిబ్బన్‌తో శబ్దాన్ని పట్టే మైక్) తగిలించే ముందు ఫాంటమ్ స్విచ్ ఆపేయండి. కేబుల్ వైరింగ్‌లో లోపముంటే రిబ్బన్ పాడైపోవచ్చు.