మా వీధి చివర 29వ రాష్ట్రం

భారతదేశంలో 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు ఉన్నాయని ప్రభుత్వం చెప్తోంది. ఆ లెక్కలో పొరపాటుంది. 29వ రాష్ట్రం ఇంగ్లండులో, మా వీధి చివర, మంగలి షాపుకీ ఫిష్ అండ్ చిప్స్ కొట్టుకీ మధ్యలో ఉంది. బోర్డు మీద మాత్రం 'ఇండియన్ రెస్టారెంట్' అని ఉంటుంది. సాయంత్రం అయిదున్నరకి తెరుస్తారు. మంగళవారం సెలవు.

ఒక రాష్ట్రానికి కావాల్సినవన్నీ దానికున్నాయి. రాజముద్రగా గాజు తలుపు మీద తాజ్‌మహల్ బొమ్మ ఉంది. గీతం ఉంది. నేను ఈ ఊరొచ్చిన 11 ఏళ్ళుగా అదే సితార్ మోగుతోంది, ఒకేచోట కిర్రుమని మళ్ళీ మొదటికొస్తుంది. రాజ్యాంగమూ ఉంది. అదే ప్లాస్టిక్ తొడుగు వేసిన 12 పేజీల మెనూ. అందులో 1 నుంచి 146 దాకా నంబర్లు వేసిన అధికరణాలుంటాయి. ఫోన్లో పార్సిల్ చెప్పేవాళ్ళెవరూ కూర పేరు పలకరు, నంబరు చెప్తారు. శుక్రవారం రాత్రి మా ఆవిడ ఫోన్ పట్టుకుని "యాభై మూడు ఒకటి, తొంభై ఒకటి రెండు" అంటుంటే ఇంట్లో హౌసీ ఆడుతున్నట్టుంటుంది. ఢిల్లీ వాళ్ళ రాజ్యాంగానికి ఇప్పటికి వందకి పైగా సవరణలు జరిగాయి. దీనికి ఒక్కటంటే ఒక్కటే జరిగింది, పాత ధరల మీద స్టిక్కర్లు అంటించారు.

ఇంత పకడ్బందీగా నడుస్తున్న రాష్ట్రాన్ని కేంద్రం ఇంకా గుర్తించకపోవడం అన్యాయం. అందుకే ఈ నాలుగు మాటలు రాయాల్సి వస్తోంది.

ఇక్కడి భూగోళం కొంచెం వేరు. మన పటంలో మద్రాసు ఒక ఊరు. ఇక్కడ అది కారం కొలత. కుర్మా అంటే చంటిపిల్లలు కూడా తినొచ్చు. రోగన్‌జోష్ దగ్గర కాస్త చురుక్కుమంటుంది. మద్రాస్ అంటే కారం, విందాలూ అంటే మహా కారం. ఆ పైన ఫాల్ అని ఒకటుంది, దాన్ని సాధారణంగా పందెం కాసినవాళ్ళే తింటారు. మద్రాసు 1996లో చెన్నై అయింది, ఆ గెజిట్ కాపీ ఈ రాష్ట్రానికి ఇంకా అందినట్టు లేదు. ఒకప్పుడు 'మద్రాసు మనదే' అని ఊరేగింపులు తీసిన జాతి మనది. 1953లో ఆంధ్ర రాష్ట్రమైతే వచ్చింది కానీ మద్రాసు మాత్రం రాలేదు. ఇక్కడ దాన్ని 10 పౌండ్ల 95 పెన్నీలకి అడిగినవాడికల్లా ఇచ్చేస్తున్నారు. అన్నం వేరే.

ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి యార్డు మాదే అని చెప్పుకునే గుంటూరు పేరు ఈ 12 పేజీల్లో ఎక్కడా లేదు. ఘాటు మనది, పేరు వాళ్ళది. దీని మీద ఒక్క ఎంపీ అయినా లోక్‌సభలో ప్రశ్న వెయ్యలేదు.

విందాలూ కథ ఇంకా విచిత్రం. పోర్చుగీసు వాళ్ళు మాంసాన్ని వైను, వెల్లుల్లితో నానబెట్టే ఒక వంటకాన్ని గోవా తెచ్చారు. 'విన్యా ద్యాల్యూష్' లాంటి ఆ పేరు గోవావాళ్ళ నోట్లో నలిగి నలిగి విందాలూ అయింది. ఇంగ్లండు చేరేసరికి ఆ పేరు చివర 'ఆలూ' వినబడింది. వినబడింది కదా అని కూరలో ఒక బంగాళాదుంప వేశారు. చెవిలో జరిగిన పొరపాటు గిన్నెలో దుంపగా తేలడం వంటల చరిత్రలో తరచుగా జరిగేది కాదు.

పప్పూ మాంసం కలిపి వండే ధన్సాక్ సంగతి మాత్రం నేను ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. పార్సీల ఇళ్ళల్లో ఎవరైనా పోతే, నాలుగో రోజున మాంసం మళ్ళీ ముట్టేది ధన్సాక్‌తో. అందుకే శుభకార్యాలకి అది వండుకోరు. మా ఆఫీసులో ఒకాయన ప్రతి పుట్టినరోజుకీ మమ్మల్నందరినీ ఇక్కడికి తీసుకొచ్చి, కొవ్వొత్తి పక్కన ధన్సాక్ పెట్టుకుని తింటాడు. ఏటేటా ఆరోగ్యంగానే ఉంటున్నాడు. నేనెందుకు చెప్పాలి?

బాల్టీ మాత్రం పూర్తిగా ఈ దేశపు బిడ్డ. 1970లలో బర్మింగ్‌హామ్‌లో పుట్టింది. రేకు మూకుడులో వండి, ఆ మూకుడుతోనే తెచ్చి ముందు పెడతారు. హిందీలో బాల్టీ అంటే బకెట్ కదా అని ఇక్కడి ఉత్తరాదివాళ్ళు నవ్వుతారు. నాకందులో నవ్వేదేమీ కనబడలేదు. మన పెళ్ళి బంతుల్లో తరతరాలుగా సాంబారు వచ్చేది బకెట్లోనే. ఈ లెక్కన బాల్టీ మీద మొదటి హక్కు మనదని మనవి.

ఇక ఈ రాష్ట్రం సాధించిన అసలు ఘనత వంటింట్లో ఉంది. మధ్యాహ్నం మూడింటికి పెద్ద డేగిశాలో బస్తాడు ఉల్లిపాయలు, నాలుగు కారట్లు, అల్లం, వెల్లుల్లి వేసి ఉడికించి, మెత్తగా రుబ్బి పెట్టుకుంటారు. రాత్రి మీరు ఏ నంబరు చెప్పినా సరే, ఆ గ్రేవీ ఒక గరిటెడు మూకుట్లో పడాల్సిందే. కొబ్బరిపొడి, క్రీమ్ తగిలితే కుర్మా. పచ్చిమిర్చి, కాప్సికమ్ తగిలితే జాల్‌ఫ్రేజీ. ఇంకొంచెం ఉల్లిపాయ తగిలితే దోప్యాజా. కాశ్మీరూ గోవా ఒకే గిన్నెలోంచి లేచి, పది నిమిషాల్లో బల్ల మీదకొస్తాయి. చిన్నప్పుడు సాంఘికశాస్త్రం పరీక్షలో 'భిన్నత్వంలో ఏకత్వం' గురించి పది మార్కులకి రాశాం గానీ, దాని రంగు నారింజ అని ఏ మాస్టారూ చెప్పలేదు.

ఈ ఏకత్వంలో వేపుడుకి చోటు లేదు. మా ఆవిడ ఒకసారి ఆశపడి బెండకాయ చెప్పింది. వచ్చింది. ఈదుతూ వచ్చింది.

దీనికి చరిత్ర లేదనుకునేరు. 1810లోనే దీన్ మహమ్మద్ అనే బీహారు ఆయన లండన్‌లో హిందుస్థానీ కాఫీ హౌస్ అని పెట్టాడు. పేరులో కాఫీ ఉన్నా, లోపల కూరలూ హుక్కాలూ పెట్టేవాడు. రెండేళ్ళలో దివాలా తీశాడు. ఆ రోజుల్లో మింట్ సాస్ లేదు కాబట్టి దివాలా తీశాడని నా అనుమానం. తరవాత 1926లో లండన్ రీజెంట్ స్ట్రీట్‌లో వీరాస్వామి అనే రెస్టారెంటు తెరిచారు. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు 'మనవాడే, ఏ నెల్లూరో అయ్యుంటాడు' అని పొంగిపోయాను. ఆరా తీస్తే, పెట్టినాయన పేరు ఎడ్వర్డ్ పామర్. చివరికి 2001లో, విదేశాంగ మంత్రిగా ఉన్న రాబిన్ కుక్ ఒక సభలో చికెన్ టిక్కా మసాలాయే బ్రిటన్ అసలైన జాతీయ వంటకమని ప్రకటించేశాడు. మనది మనకి తెలియకుండానే వాళ్ళదైపోయింది. అది మనదేనా అన్నది వేరే ప్రశ్న.

నేను ఈ రాష్ట్రంలో అడుగుపెట్టిన మొదటి రోజు ఇంకా గుర్తుంది. కూర్చోగానే, అడక్కుండానే అప్పడాలు తెచ్చిపెట్టారు. అన్నం లేదు, పప్పు లేదు, ఉత్త అప్పడం. దాంతోపాటు నాలుగు గిన్నెలు బిగించిన స్టీలు స్టాండు, మధ్యలో పట్టుకునే పిడి. ఒక గిన్నెలో తరిగిన ఉల్లిపాయ, ఒకదాంట్లో పచ్చగా నీళ్ళనీళ్ళగా పుదీనా పెరుగు, ఒకదాంట్లో నిమ్మకాయ ఊరగాయ. నాలుగోది మామిడి పచ్చడి అన్నాడు. ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. అప్పడం ముక్క విరిచి, నిండా ముంచి, నోట్లో పెట్టుకున్నాను. బెల్లం పాకం! పిండిలేని బొబ్బట్టు తిన్నట్టుంది. ఆవకాయ మీద పెరిగినవాడికి మామిడికాయ పేరు చెప్పి తీపి తినిపించడం ఏ సెక్షన్ కింద నేరమవుతుందో లాయరు మిత్రులు చెప్పాలి. పైగా ఆ అప్పడాలకి బిల్లులో తలకింత అని వేశారు.

"మీడియమా, హాటా?" అన్నాడు వెయిటర్.

నాది గుంటూరు జిల్లా అని చెప్పాను. ఆ మాటకి ప్రపంచంలో ఎక్కడైనా విలువుంటుందని నమ్మే రోజులవి.

"అయితే మీడియం," అని రాసుకున్నాడు.

పౌరుషం పొడుచుకొచ్చి విందాలూ చెప్పాను. పక్కబల్ల దగ్గర ఒక ప్లంబరు, పని బట్టలతోనే వచ్చినట్టున్నాడు, ఫుట్‌బాల్ కబుర్లు చెప్తూ అంతకన్నా ఎర్రగా ఉన్నదేదో తాపీగా తింటున్నాడు. మూడో ముద్దకి నా కళ్ళు కారాయి. నాలుగో ముద్దకి ముక్కు. హే ఫీవర్, అంటే పూల పుప్పొడి పడక వచ్చే జలుబు, అని చెప్పాను. అప్పుడు జనవరి నెల. ఆ ప్లంబరు ధర్మాత్ముడు, మాట్లాడకుండా తన లస్సీ గ్లాసు నావైపు జరిపాడు. గుంటూరు కారం ఎరగనిదేం కాదు నా నాలుక. కానీ మన దగ్గర కారం వెనకాల ఉప్పుంటుంది, పులుపుంటుంది, పక్కన వేడన్నం, పైన నెయ్యి ఉంటాయి. అక్కడున్నది కారం కాదు, మంట. ఈ తేడా ఆ ప్లంబరుకి వివరిద్దామనుకున్నాను గానీ అప్పటికి మాట రావట్లేదు.

ఈ రాష్ట్రపు అధికార భాష గురించి కూడా చెప్పాలి. యజమానీ, వంటవాళ్ళూ, వెయిటర్లూ అందరూ బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చినవాళ్ళు. ఈ దేశంలో 'ఇండియన్' బోర్డు పెట్టిన పాత హోటళ్ళు చాలావరకు నడిపింది వాళ్ళే. వెయిటర్ భాయ్‌ది సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ. నాది హిందీ ప్రచార సభ మధ్యమ దాకా చదివిన హిందీ. ఆయన వాక్యాల్లో వియోగం ఎక్కువ, నా వాక్యాల్లో వ్యాకరణం ఎక్కువ. నీళ్ళు కావాలని నేను "కృపయా జల్ దీజియే" అంటాను, ఆయన "క్యో నహీ, జాన్" అన్నంత పని చేస్తాడు. ఒకరోజు మా సంభాషణ విన్న ముసలి ఇంగ్లీషు దంపతులు, ఇద్దరం మాతృభాషలో మాట్లాడుకుంటుంటే ఎంత ముచ్చటగా ఉందో అని మురిసిపోయారు. ఆయన ఇండియన్ కాదు, నాకు హిందీ రాదు. అయినా ఆ పూట ఆ బల్ల దగ్గర భారతదేశం పరువు నిలబెట్టింది మేమిద్దరమే.

మా ఆఫీసువాళ్ళు నన్ను తీసుకెళ్ళేదీ అందుకే. అగ్‌మార్క్ ముద్రలాగా. గిన్నె మూత తియ్యగానే అందరూ తినడం ఆపి నా మొహం చూస్తారు. "ఇది అథెంటిక్కేనా?" అని అడుగుతారు. నేను మొదటిసారి నాన్ తిన్నది 22వ ఏట, హైదరాబాదులో, స్నేహితుడి ఉద్యోగం పార్టీలో. ఆ సంగతి చెప్తే వాళ్ళ భోజనం చెడుతుంది. అందుకని కాసేపు కళ్ళు మూసుకుని, మా నాయనమ్మని తలుచుకుంటున్నట్టు తలాడిస్తాను. మా నాయనమ్మ జన్మలో ఉల్లిపాయ ముట్టలేదు.

మనకీ ఒక్క నంబరు ఇప్పిద్దామని నా వంతు ప్రయత్నం నేను చేశాను. 146 దగ్గర మెనూ ఆగిపోయింది కదా, 147 ఖాళీయే కదా అని ఒక సీసా గోంగూర పచ్చడి పట్టుకెళ్ళి యజమానికిచ్చాను. ఆయన చెంచాతో తీసుకుని, గౌరవంగా చప్పరించి, చాలాసేపు ఆలోచించాడు. "బాగుంది భాయ్. కానీ మా కస్టమర్లు దీన్ని పాలకూర సాగ్ అనుకుంటారు. నంబరు 88. పాచిపోయిందని వెనక్కి పంపిస్తారు," అన్నాడు. సీసా మాత్రం వెనక్కివ్వలేదు.

మొన్న శనివారం మేం తిని లేచేసరికి పదకొండు కావస్తోంది. వేడి తువ్వాళ్ళిచ్చారు, బిల్లు మీద పుదీనా చాక్లెట్లు పెట్టారు. బోర్డు లైటు ఆర్పేశారు, సితార్ కూడా ఆగింది. కోటు వేసుకుంటుంటే వంటింట్లోంచి వాసనొకటి వచ్చింది. చేప. ఆవనూనె. చీల్చిన పచ్చిమిర్చి. పైన ఏదో నిమ్మజాతి పులుపు. 11 ఏళ్ళలో ఆ గోడల మధ్య అలాంటి వాసన నేనెరగను. తలుపు సందులోంచి చూస్తే వంటవాళ్ళు నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని, మధ్యలో సత్తు గిన్నె పెట్టుకుని, వేళ్ళతో ముల్లు తీస్తూ అన్నం కలుపుకుంటున్నారు. భాయ్ కూడా టై విప్పి అక్కడే కూర్చున్నాడు.

నేను మెనూ తీసి, "దాని నంబరెంత?" అన్నాను.

భాయ్ నవ్వాడు. "దానికి నంబరు లేదు భాయ్. అది ఇండియన్ ఫుడ్ కాదు, మేం తినేది."

నేనింకా ఏదో అడగబోతున్నాను. ఈలోగా ఒక కుర్రాడు లేచి రెండు కుర్చీలు జరిపాడు. మా ఆవిడ అప్పటికే చెయ్యి కడుక్కుని వచ్చింది.