మాట్లాడొద్దు, నొక్కండి

మా ఊళ్లో ఈ మధ్య ఒక ప్రమాదకరమైన ఆలోచన బయల్దేరింది. డిగ్రీ చదివే పిల్లలు నలుగురు కలిసి ఒక ఫోన్ నంబరు పెడతారట. ఎవరైనా దానికి మిస్డ్ కాల్ ఇచ్చి తమ గోడు తమ గొంతుతోనే చెప్పుకోవచ్చట, ఊరంతా వినొచ్చట. నర్సంపేట నుంచి వచ్చిన ఒక పెద్దసారు ముందు ఈ మాట పెడితే, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "అందరూ మాట్లాడితే వినేదెవరయ్యా?" అన్నాడు.

ఎంత లోతైన ప్రశ్న! వారం రోజులుగా నాకు నిద్ర లేదు. సారు చెప్పింది నిజమే. ఫోను ఉన్నది మాట్లాడటానికి అనుకోవడం పాతకాలపు మాట. ఫోను ఉన్నది నొక్కడానికి. నమ్మకపోతే మా మేనత్తను అడగండి.

అత్తకు రెండు నెలలుగా పింఛన్ పడలేదు. ఆమెది బటన్ల ఫోను, వెనక మూత ఊడకుండా రబ్బరు బ్యాండు. ఒక ఆఫీసువాళ్లు ఇచ్చిన నంబరుకు నేనే కలిపి స్పీకరు పెట్టాను. అటు నుంచి తేనె పూసినట్టు ఒక అమ్మాయి గొంతు: "నమస్కారం. మీ కాల్ మాకు చాలా ముఖ్యం."

"మంచిగున్నవా బిడ్డా?" అంది అత్త.

"తెలుగు కోసం ఒకటి నొక్కండి."

"నాకు తెలుగు తప్ప ఏదొస్తది బిడ్డా. నువ్వు చెప్పు."

ఒకటి నేనే నొక్కాను. కొత్త పింఛన్ కావాలంటే రెండు, పేరు మార్చుకోవాలంటే మూడు, పథకాల గొప్పతనం వినాలంటే నాలుగు. వచ్చే పింఛన్ ఆగిపోతే ఏం నొక్కాలో ఎక్కడా లేదు. అలాంటిది జరగదని వాళ్ల గట్టి నమ్మకం కాబోలు. చివరికి "ఇతర సమస్యలకు తొమ్మిది" అంది. అత్త ఫోన్లో తొమ్మిది లేదు. బటన్ ఉంది గానీ అంకె అరిగిపోయింది, నొక్కితే లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది. అగ్గిపుల్లతో పొడిచాను, విరిగింది. అత్త మెడలోని పిన్నీసు తీసిచ్చింది. ఈలోగా అటు నుంచి, "క్షమించండి, మీ ఎంపిక సరైనది కాదు."

"పర్లేదు బిడ్డా, నువ్వేం చేస్తవ్. నిమ్మళంగ చెప్పు," అని అత్త ఓదార్చింది.

పిన్నీసుతో తొమ్మిది పడింది. మా ప్రతినిధులందరూ ఇతర కాల్స్‌లో ఉన్నారు, దయచేసి వేచి ఉండండి, అని సన్నాయి మొదలైంది. ఒక నిమిషం, రెండు, ఐదు. అత్త నా భుజం పట్టుకుని మెల్లగా అంది: "పెండ్లింట్ల ఉన్నట్టుంది అల్లుడా. పెట్టెయ్. తర్వాత చేద్దాం, పాపం."

నేను పెట్టలేదు. పదకొండో నిమిషంలో వాళ్లే పెట్టేశారు. వెంటనే ఇంగ్లిషులో ఒక మెసేజ్: మా సేవలకు ఐదులో ఎన్ని మార్కులు ఇస్తారు? చదివి చెప్పాను. "ఐదియ్యి. గన్నిసార్లు అడిగినా ఆ పిల్ల ఒక్కసారి గూడ కసురుకోలె," అంది అత్త.

ఇంత చక్కటి ఏర్పాటు ఉండగా ఆ పిల్లలకు వేరే నంబరు ఎందుకు చెప్పండి? పైగా మండలం వాట్సాప్ గ్రూపు ఉండనే ఉంది. అందులో అడ్మిన్లు మాత్రమే మాట్లాడగలరు. వారానికి రెండు పీడీఎఫ్‌లు పడతాయి. 2011 జనగణన ప్రకారం తెలంగాణలో ఏడేళ్లు దాటిన ఆడవాళ్లలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి 58 మంది. మిగతా 42 మంది ఆ పీడీఎఫ్‌ను నుదుటికి తాకించుకుంటే సరిపోతుంది.

ఈ జబ్బు ఎక్కడి నుంచి అంటుకుందో వెతికాను. గోదావరి అవతలి నుంచే. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో శుభ్రాంశు చౌదరి అనే జర్నలిస్టు, కొందరు ఇంజనీర్లు కలిసి 'సీజీనెట్ స్వర' అని మొదలుపెట్టారు. నంబరుకు ఫోన్ చేస్తే కట్ అవుతుంది, అటు నుంచే తిరిగి వస్తుంది, కాబట్టి పైసా ఖర్చు లేదు. ఇంటర్నెట్ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. చెప్పాలంటే ఒకటి, వినాలంటే రెండు. మొదట్లో మెనూ అంతే, సన్నాయి కూడా లేదు! ఎవరో ఒకరు ముందు విని, నిజమో కాదో విచారించాకే పదిమందికీ వదులుతారు. మన గ్రూపుల్లో పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్ల వదంతులకు ఆ మాత్రం కాపలా కూడా లేదు. ఇక అసలు ఘోరం చూడండి. బోరింగు చెడిపోయిందనో, కూలి డబ్బులు రాలేదనో చెప్పినవాళ్లు చివర్లో సంబంధిత అధికారి ఫోన్ నంబరు కూడా చెప్పేస్తారు. విన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆ అధికారికి ఫోన్లు చేస్తారు. ఆయన దగ్గర ఒకటి, రెండు, తొమ్మిది లేవు. ఎత్తాలి. పాపం ఎన్ని బోర్లు బాగుచేయించాల్సి వచ్చిందో!

గుజరాత్‌లో ఇంకో చోద్యం. ఫోన్లో పంటల సలహాలు ఒకసారి శాస్త్రవేత్త గొంతుతో, ఒకసారి తోటి రైతు గొంతుతో వినిపించి చూశారు. ఎవరి మాట మీద గురి అని అడిగితే రైతులు శాస్త్రవేత్త పేరే చెప్పారు. ఇంకా వివరాలు కావాలంటే ఫోన్ చేయమని చెప్పినప్పుడు మాత్రం తోటి రైతు సలహా విన్నవాళ్లే ఎక్కువగా చేశారు. మిర్చి యార్డులో జెండా పాట, అంటే వేలంలో పలికిన పై ధర ఒకటి, మన బస్తాల మీద రాసే ధర ఇంకొకటి అని ఏ పీడీఎఫ్‌లో ఉంటుంది? పొద్దున బస్తాలు దింపినవాడు చెప్పాలి, రేపు ట్రాక్టరు ఎక్కించేవాడు వినాలి.

ఆ 'స్వర'లో గోండి మాట్లాడతారు. ఇక్కడే నాకు వెటకారం రావడం లేదు. 2011 లెక్కల్లో దేశంలో గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షల పైచిలుకు. మన ఉట్నూరులో, ఆసిఫాబాద్‌లో ఉన్నారు. ములుగు అడవుల్లో కోయవాళ్లున్నారు. ఆ తేనె గొంతు తెలుగుకు ఒకటి అంది, హిందీకి రెండు అంది, ఇంగ్లిషుకు మూడు అంది. గోండికి ఎంత? కోయకు ఎంత? ఈ నేల మీద మనకంటే ముందు నుంచి ఉన్న మనిషి జ్వరంతో కాలుతున్న పిల్లను ఒళ్లో పెట్టుకుని ఏ అంకె నొక్కాలి? అంకెలు సరిపోలేదా? నాలుగు నుంచి తొమ్మిది దాకా ఖాళీగా పడున్నాయి కదా! వాగు పొంగిందని తెలుగు అక్షరాల్లో మెసేజ్ పంపి, "ముందే హెచ్చరించాం" అని ఫైల్లో రాసుకోవడానికి సిగ్గుండాలి. వినేదెవరు అని అడిగారు కదా సారు. మీరే. నెలనెలా మీ జీతం ఏ తొమ్మిదీ నొక్కకుండానే పడుతోంది, అందుకని మీరే వినాలి.

కోపం వచ్చింది, క్షమించాలి. నా ఎంపిక సరైనది కాదు.

పిల్లలు మాత్రం సిమ్ము కొన్నారు. మొదటి రికార్డింగు మా అత్తతో చేయిద్దామంటే, ఆమె అంతకంటే ముందు పాత నంబరుకే ఒకసారి కలపమంది. పింఛన్ అడుగుతుందేమో అని కలిపిచ్చాను.

"బిడ్డా, పెండ్లి మంచిగైందా?" అని అడిగింది.

"తెలుగు కోసం ఒకటి నొక్కండి," అంది ఆ అమ్మాయి.