ఆరో పూస ఎర్రది

ప్రాణహిత దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అక్కడి సిరొంచలో తెలుగు మాట్లాడే ఇళ్లకు కొదవ లేదు. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు అమెరికాలో ప్రజారోగ్యం చదివొచ్చి, 1986లో ఆ జిల్లాలోనే ‘సెర్చ్’ సంస్థ పెట్టారు. గోండులను అడిగి, వాళ్లు కోరినట్టే గుడిసెల్లాంటి గదులతో ఆస్పత్రి కట్టారు. దానికి దంతేశ్వరి అమ్మవారి పేరు పెట్టారు. 1988లో లెక్క తీస్తే, చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 121 మంది పిల్లలు ఏడాది నిండకుండానే పోతున్నారు.

చాలామందిని తీసుకుపోతున్నది న్యుమోనియా. రెండు నెలలు నిండని పిల్లకు నిమిషానికి 60 సార్లు ఊపిరి ఆడుతోందంటే ప్రమాదమే. కానీ చదువు రాని మంత్రసాని అరవై దాకా ఎలా లెక్కపెడుతుంది? చిన్న చెక్క మీద నిమిషం ఇసుక గడియారం, పక్కన పూసల వరస బిగించి ఆమె చేతికిచ్చారు. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక అంతా జారేలోపు ఆరో పూస, ఎర్రది, కదిలిందా, మందు మొదలుపెట్టాలి. అంతే. ఇందులో మమ్మల్ని కదిలించేది పనిముట్టు కాదు, ఆ మంత్రసాని మీద పెట్టుకున్న నమ్మకం.

తర్వాత 39 ఊళ్లలో స్థానిక మహిళలకే శిక్షణ ఇచ్చారు. బాలింత ఇంటికి వెళ్లి బిడ్డను తూచడం, వెచ్చగా చుట్టడం, ఇన్‌ఫెక్షన్ సోకితే ఇంజెక్షన్ కూడా చేయడం వాళ్ల పని. సూది డాక్టరు చేతిలోనే ఉండాలనుకునేవారికి ఇది మింగుడుపడని సంగతే. కానీ పురిటి పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది.

2011లో కేంద్రం ఈ పద్ధతిని ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఆస్పత్రి కాన్పయితే 42 రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో కాన్పయితే ఏడుసార్లు వెళ్లాలి. అన్నీ పూర్తిచేస్తే 250 రూపాయలు! పని తీసుకున్నారు, పనిచేసే మనిషిని మాత్రం ఇంకా వాలంటీర్ అనే అంటున్నారు. స్థిర వేతనం కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆశా అక్కలు రోడ్డెక్కారు. వాళ్లు అడుగుతున్నది న్యాయం. ఏజెన్సీ గూడేల్లో వాగు దాటి వెళ్లే మనిషికి నెలనెలా జీతం ఇవ్వాలి. సంచిలో పనిచేసే థర్మామీటరు, తూకం, అయిపోకముందే మందులు ఉండాలి. పాప ఒళ్లు చల్లబడిందని రాత్రిపూట ఫోన్ చేస్తే పీహెచ్‌సీలో ఎత్తే డాక్టరు ఉండాలి. వచ్చే బడ్జెట్‌లో ముందు వీటికి డబ్బు చూపించాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం.