డీన్ గారికీ ద్రేక్కాణానికీ చుట్టరికం

డెకన్ అనే ఇంగ్లీషు మాట మన జ్యోతిషంలోని ద్రేక్కాణం (అంటే రాశిలో మూడో వంతు) నుంచి తెల్లవాళ్లు కొట్టేసిందేనట. ఈ ఫార్వర్డు మళ్లీ చక్కర్లు కొడుతోంది. ఒక మహానుభావుడైతే దక్కన్ పీఠభూమిని కూడా ఇందులోకి లాగాడు. అయ్యా, దక్కన్ ‘దక్షిణ’ నుంచి వచ్చింది, దాని మానాన దాన్ని వదిలేయండి.

రాశికి 30 డిగ్రీలు కదా, అందులో పదేసి డిగ్రీల ముక్క డెకన్. జ్యోతిషం పిచ్చి ఉన్న ఇంగ్లీషువాళ్లు తప్ప ఎవరూ పెద్దగా వాడరు. గ్రీకులో ‘డెక’ అంటే పది, ‘డెకనోస్’ అంటే పదిమందికి పెద్ద. కాలేజీలో డీన్ గారి పదవి పేరూ లాటిన్, ఫ్రెంచి మీదుగా ఆ ఇంటినుంచి వచ్చిందే. అసలు సరుకు మాత్రం ఈజిప్టుది. రాత్రి ఎంత గడిచిందో తెలుసుకోవడానికి 36 నక్షత్ర గుంపులు పెట్టుకుని, నాలుగు వేల ఏళ్ల కిందటే ఆ పట్టికల్ని శవపేటికల మూతల లోపల రాసుకున్నారు. తర్వాత గ్రీకులు వాటిని రాశిచక్రంలో ఇమిడ్చారు. ఆ మాటే మనదాకా వచ్చి ద్రేక్కాణం అయింది. మన జ్యోతిషంలో వాడే హోర, కేంద్రం, పణపరం, ఆపోక్లిమం అనే మాటలన్నీ గ్రీకు నుంచి వచ్చిన ఆ బాపతే. ఆపోక్లిమాన్ని ఏ సంస్కృత ధాతువు నుంచి లాగుతారో చెప్పండి చూద్దాం!

మన జ్యోతిష పండితుడు వరాహమిహిరుడికి లేని నామోషీ మనకెందుకు? యవనులు (అంటే గ్రీకులు) మ్లేచ్ఛులే అయినా ఈ శాస్త్రం వాళ్లలో చక్కగా పాదుకుని ఉంది, వాళ్లూ ఋషుల్లా పూజలందుకుంటారు అని ఆరో శతాబ్దంలోనే బృహత్సంహితలో రాసిపెట్టాడు.

అలాగని మనవాళ్లు చూసి ఎక్కించుకుని ఊరుకోలేదు. మేషంలో మూడో ముక్కకి గ్రీకుల దగ్గర బాగా నడిచిన లెక్కలో శుక్రుడు అధిపతి. మనకి మూడు ముక్కలకీ వరసగా ఆ రాశి నుంచి ఒకటి, ఐదు, తొమ్మిదో రాశుల అధిపతులు కాబట్టి గురుడొస్తాడు. పైగా వరాహమిహిరుడిదే అయిన బృహజ్జాతకంలో ఒక్కో ద్రేక్కాణానికి ఒక రూపం కట్టారు. మేషంలో మొదటివాడు నల్లటి మనిషి, నడుముకు తెల్లబట్ట, ఎర్రటి కళ్లు, చేతిలో ఎత్తిన గొడ్డలి.

ఇతగాడు అబూ మాషర్ అనే జ్యోతిష్కుడి అరబ్బీ పుస్తకం ఎక్కి ఇటలీ చేరాడు. ఫెరారాలో స్కిఫనోయా భవనం గోడ మీద, 1470 ప్రాంతంలో వేసిన మార్చి నెల చిత్రంలో, చిరిగిన తెల్లబట్టతో, నడుముకు తాడుతో నల్లగా నిలబడి ఉన్నాడు. ఎక్కణ్ణుంచి వచ్చాడో 1912లో ఆబి వార్బర్గ్ అనే జర్మన్ కళాచరిత్రకారుడు తవ్వి తీశాడు.

గొప్పలు చెప్పుకోవాలని అంత సరదాగా ఉంటే ఈయన్ని చూపించి చెప్పుకోండి. ఫోటో నెట్‌లో దొరుకుతుంది. ఫార్వర్డు చెయ్యడం మీకు కొత్తేం కాదుగా.